లిలాక్ పొదల పక్క మూల

మిషిగన్‌లో కాపురం పెట్టిన రెండో ఏడు, మా ఊరి పంచాయతీలాంటి టౌన్‌షిప్ వాళ్ళు ఒక పాత వ్యవసాయ ఫారం స్థలాన్ని మడులుగా విడగొట్టి, కూరగాయలు పెంచుకుంటామన్నవాళ్ళకి ఇవ్వడం మొదలుపెట్టారు. డెబ్బై తొమ్మిది అనుకుంటాను. మావారు అప్పుడు కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆఫీసులో నోటీసు బోర్డు మీద కాగితం చూసి వచ్చి నాకు చెప్పారు.

"మన అపార్ట్‌మెంట్‌కి వాకింగ్ డిస్టెన్సే. నీళ్ళు వాళ్ళే ఇస్తారట. అప్లై చేద్దామా? నీకూ కాస్త బయటికి వెళ్ళినట్టుంటుంది."

చివరి మాట మెల్లగా అన్నారు. ఆ ముందు చలికాలంలో నాకు ఐదో నెలలో కడుపు పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక మేమిద్దరం దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు. ఆయన పొద్దున్నే వెళ్ళి పొద్దుపోయాక వచ్చేవారు. నాకు డ్రైవింగ్ రాదు. తెలుగువాళ్ళ ఇల్లంటే కారులో ముప్పావుగంట. కిటికీ దగ్గర కూర్చుని పార్కింగ్ లాట్‌లో మంచు నల్లబడడం చూస్తూ ఆ చలికాలం గడిపాను.

మే నెలలో వెళ్ళేసరికి మంచి మడులన్నీ అయిపోయాయి. చిట్టచివర, ఊదాపూల లిలాక్ పొదల పక్కన ఒక్కటే మిగిలింది. పొదలు అడ్డం కాబట్టి ఆ మూలకి ట్రాక్టర్ రాదనీ, చేత్తోనే తవ్వుకోవాలనీ ఆఫీసులో అమ్మాయి చెప్పింది. సరేనన్నాను. చేతులకి పని దొరికితే చాలనిపించింది.

అమ్మ కవరులో మడిచి పంపిన విత్తనాలున్నాయి నా దగ్గర. గోంగూర, బెండ, బీర, సొర. పక్క మడి ఒక ముసలాయనది. పోలండ్ నుంచి చిన్నప్పుడే వచ్చి, ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. క్యాబేజీ, వెల్లుల్లి వేసుకునేవాడు. మొదటి రోజే నేను విత్తనాలు తీయబోతుంటే వేలు అడ్డంగా ఊపాడు. మే ఆఖరుదాకా మంచు కురవచ్చు, అప్పుడే వద్దన్నాడు.

ఆ మట్టి నల్లగా, పిండిలా ఉండేది. వేసిందల్లా మొలిచింది. నెలన్నర తిరిగేసరికి గోంగూర మోకాలెత్తు వచ్చింది. మొదటి కట్ట కోసి పప్పులో వేసిన రోజు మావారు రెండోసారి వడ్డించుకుని, "రోజూ ఇదే చెయ్యి" అన్నారు.

ఆ మూల సంగతి నేను గమనించింది నీళ్ళు పోస్తున్నప్పుడు. మిగతా మడిలో బకెట్ నీళ్ళు పోస్తే పైన నిలిచి, నురగ కట్టి, నెమ్మదిగా ఇంకేవి. లిలాక్ పొదల పక్క మూలలో పోసిన నీళ్ళు పోసినట్టే మాయమయ్యేవి. నేల తడి కూడా అయ్యేది కాదు. పైగా అక్కడ మట్టి కుంగేది. నేను చదును చేసి వచ్చేదాన్ని. వారం తిరిగేసరికి అన్నం తినే కంచంలా మధ్యలో లోతు పడేది. మళ్ళీ మట్టి పోసేదాన్ని, మళ్ళీ కుంగేది. ఒకరోజు బొరిగ ఆ మూలలో పిడిదాకా గుచ్చి ఇంటికి వచ్చేశాను. మర్నాడు చూస్తే లేదు. గుచ్చిన చోట పిడి పట్టేంత కన్నం మాత్రం ఉంది. పొడుగాటి పుల్ల ఒకటి దాంట్లో పెట్టాను. అది నా వేళ్ళలోంచి జారి లోపలికి పోయింది. చప్పుడు లేదు.

పక్క మడి ముసలాయన్ని పిలిచి చూపించాను. గ్రౌండ్‌హాగ్ అనే పందికొక్కులాంటి జంతువు బొరియ అయి ఉంటుందన్నాడు. అవి మనిషి పొడుగున సొరంగాలు తవ్వుతాయట. అలా అంటూనే ఆ మూలకి రెండడుగుల ఇవతలే ఆగిపోయాడు. "అక్కడ చల్లగా ఉంటుంది. నాకు పడదు" అని తన క్యాబేజీల దగ్గరికి వెళ్ళిపోయాడు.

చల్లదనం నిజమే. జూలై ఎండలో కూడా అక్కడ కాళ్ళ దగ్గర చల్లటి గాలి తగిలేది. ముఖ్యంగా వాన పట్టే ముందు. ఆకాశం మూసుకుపోయి ఆకు కదలని మధ్యాహ్నాలలో ఆ మూల నుంచి ఒక చప్పుడు వచ్చేది. చాలాసేపు పడుకున్న మనిషి లేవబోయే ముందు వదిలే నిట్టూర్పులాంటిది. తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. ఇంక రాదనుకున్నాక ఇంకొకటి. మొదటిసారి విన్నప్పుడు ఇంటికి పరుగెత్తాను. నాలుగోసారికి భయం పోయింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ భయం పోయినందుకే నాకు ఎక్కువ భయం వేస్తుంది.

ఎందుకంటే నేను అక్కడ కూర్చోవడం మొదలుపెట్టాను. బకెట్ బోర్లించి, సరిగ్గా ఆ లోతు మధ్యలో. సొరపాదు మడికి అటు చివర వేశాను. దానికి పందిరి కూడా కట్టాను. అది పందిరి వదిలేసి, నేల మీద పాక్కుంటూ ఈ మూలకే వచ్చింది. కాయలన్నీ ఇక్కడే, ఒక్కొక్కటీ చంటిపిల్ల బరువున. ఆ ఆకుల మధ్య, చల్లటి గాలిలో, గంటలకి గంటలు కూర్చునేదాన్ని. నోరు విప్పి ఎవరితోనూ చెప్పుకోనివి అక్కడ పైకే చెప్పేదాన్ని. పాపో బాబో కూడా నాకు తెలియనివ్వలేదని చెప్పాను. కింద నుంచి ఆ నిట్టూర్పు వచ్చేది. నాకు జవాబులాగే ఉండేది.

ఆ జనవరిలో ఒక ఆదివారం సరుకులకి వెళ్తూ తోట పక్క నుంచి కారు పోనిచ్చాం. ఎటు చూసినా మోకాలిలోతు మంచు. నా మడి మూలలో మాత్రం గుండ్రంగా, నల్లగా, గీత గీసినట్టు నేల కనిపిస్తోంది. దాని మీద సన్నగా ఆవిరి లేస్తోంది.

"ఆపండి" అన్నాను.

మావారు కారు ఆపారు. ఇద్దరం అద్దాల్లోంచి చూశాం. "కంపోస్ట్ వేశావుగా, ఆ హీట్ అయ్యుంటుంది" అన్నారు. నేను అక్కడ కంపోస్ట్ వెయ్యలేదు. ఆ మాట ఆయనతో అనలేదు.

అప్పుడే చూశాను, మాకు ముందు రోడ్డు పక్కన ఇంకో కారు ఆగి ఉంది. ఆకుపచ్చ రంగుది. వేసవిలో కూడా ప్రతి ఆదివారం మధ్యాహ్నం అది అక్కడే ఆగేది. లోపల తెల్లజుట్టు ఆవిడ ఒక్కతే, స్టీరింగ్ మీద రెండు చేతులు పెట్టుకుని, తోట వైపే చూస్తూ కూర్చునేది. ఎన్నడూ దిగేది కాదు. ఆవిడ ఎవరని పక్క మడి ముసలాయన్ని ఒకసారి అడిగాను. "ఇక్కడ ఫారం ఇల్లు ఉండేది. ఆవిడ అందులో పుట్టింది. ఇల్లు పడగొట్టారు, లిలాక్‌లు మిగిలాయి" అన్నాడు. పుట్టింటి స్థలం చూసుకోవడానికి వస్తోందనుకుని జాలిపడ్డాను.

రెండో ఏడు కూడా అదే మడి అడిగి తీసుకున్నాను. ఆ సెప్టెంబరులో ఒక ఆదివారం మావారు ఓవర్‌టైమ్‌కి వెళ్ళారు. నేను బెండకాయలు కోసేసి, అలవాటుగా బకెట్ మీద కూర్చున్నాను. పడమటి వైపు మబ్బు ఇంకు ఒలికినట్టు వస్తోంది. చుట్టుపక్కల మడులవాళ్ళు ఒక్కొక్కరే సర్దుకుని వెళ్ళిపోతున్నారు. నాకు లేవాలనిపించలేదు. నిట్టూర్పు వచ్చింది, ఎప్పటికన్నా పెద్దది. బకెట్ కింద నేల సన్నగా వణికింది. అది నాకు చాలా హాయిగా అనిపించింది. నా నోట్లోంచి తెలుగులో ఒక మాట వచ్చింది.

"వస్తున్నా."

ఎవరితో అన్నానో తెలియదు. అదే క్షణంలో రోడ్డు మీద నుంచి కారు హారన్ మోగింది. మోగి ఆగలేదు. ఒకటే మోత. తలెత్తి చూశాను. ఆకుపచ్చ కారులో ఆ ముసలావిడ రెండు చేతులూ హారన్ మీద అదిమి పెట్టి నన్నే చూస్తోంది. ఆవిడకి గుండెనొప్పి ఏమైనా వచ్చిందేమోనని బుట్ట అక్కడే పడేసి పరుగెత్తాను. నేను రోడ్డు చేరేసరికి హారన్ ఆగిపోయింది. నాలుగడుగుల దూరంలో ఉండగా కారు కదిలి వెళ్ళిపోయింది. అంతలో వాన దిగింది. వెనక్కి వెళ్ళకుండా తడుస్తూ ఇంటికి వచ్చేశాను.

మూడో వేసవికి మా అత్తగారు వచ్చారు, ఆర్నెల్లు ఉండడానికి. గోదావరి జిల్లా మనిషి. పొలం, పాడి చూసుకుని బతికినావిడ. వచ్చిన మూడో రోజే, "నీ తోటేదో చూపించవే" అన్నారు. స్నీకర్స్ కొనిస్తే తొడుక్కోలేదు. మడి గట్టు దగ్గర చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, వట్టి కాళ్ళతో లోపలికి దిగారు. గోంగూర ఆకు గిల్లి నోట్లో వేసుకున్నారు. బీరపాదు తిప్పి చూశారు. అలా చూస్తూ లిలాక్ పొదల వైపు నడుస్తున్నవారు ఠక్కున ఆగిపోయారు.

ఒక కాలు ముందుకేసి మడమతో నేలని తట్టారు. ఇంకో అడుగు పక్కకి జరిగి తట్టారు. నావైపు తిరగకుండానే చెయ్యి వెనక్కి చాపారు.

"అమ్మాయ్, అక్కడే ఆగు. రాకు."

"ఏంటత్తయ్యా?"

"నుయ్యి ఉందే ఇక్కడ."

"ఇక్కడ నుయ్యేంటి? గ్రౌండ్‌హాగ్ అని..."

"నాకు తెలీవే నీ హాగులూ గీగులూ! చెక్కలు పరిచి మట్టి కప్పారు. పుచ్చిపోయినట్టున్నాయి. వినపడట్లా?" మళ్ళీ తట్టారు. ఖాళీ గాదెని తట్టినట్టు డొల్లగా మోగింది. రెండేళ్ళుగా అదే నేల మీద తిరిగాను. నాకు ఒక్కసారీ వినపడలేదు.

ఆవిడ వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి వచ్చారు. నా చెయ్యి పట్టుకున్నారు. బోర్లించిన బకెట్ ఇంకా అక్కడే ఉంది. దాన్ని చూశారు, నన్ను చూశారు.

"నువ్వు రోజూ అక్కడేనా కూర్చునేది?"

తలూపాను. ఎందుకని ఆవిడ అడగలేదు. పట్టుకున్న చెయ్యి మాత్రం ఇల్లు చేరేదాకా వదల్లేదు.

మావారు మర్నాడే టౌన్‌షిప్ ఆఫీసుకి ఫోన్ చేశారు. "మ్యాప్‌లో వెల్ ఏదీ లేదంటున్నారమ్మా. ఎవరినో పంపిస్తారట, నెక్స్ట్ వీక్" అన్నారు. మరుసటి వారం ఎవరూ రాలేదు. అత్తగారు ఊరుకోలేదు. నాలుగు కర్రలు నన్ను పట్టుకురమ్మని, మూలకి దూరంగా చుట్టూ పాతి, తన పాత ఎర్ర నేతచీర చించి వాటికి చుట్టూ కట్టారు. తోటంతటికీ కనపడేంత ఎరుపు.

ఆ ఆదివారం ఆకుపచ్చ కారు వచ్చి ఆగింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆవిడ దిగడం నేను చూడడం అదే మొదటిసారి. చేతికర్ర పట్టుకుని మడుల మధ్య నుంచి నెమ్మదిగా నడిచి వచ్చి, ఎర్ర చీరకి ఇవతల నిలబడింది. డెబ్బై దాటిన మనిషి.

"ఎవరు కనిపెట్టారు?" అంది ఇంగ్లీషులో.

అత్తగారిని చూపించాను. ఆ ముసలావిడ మా అత్తగారి కాళ్ళ వైపు, మట్టిలో ఉన్న ఆ వట్టి పాదాల వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఎవరూ అడగకుండానే చెప్పింది. ఆవిడకి తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళమ్మ ఒక పొద్దున నీళ్ళకని ఈ బావి దగ్గరికి వచ్చి తిరిగి రాలేదు. తండ్రి, చిన్నాన్నలు కలిసి పైకి తీశారు. జ్వరంతో పోయిందని ఊళ్ళో చెప్పి, చర్చి పక్క పూడ్చారు. ఆ సాయంత్రమే తండ్రి బండి చెక్కలు ఊడదీసి బావి మీద పరిచి, మట్టి కప్పాడు. ఇంకో చోట కొత్త బావి తవ్వించాడు. కాలు జారిందా, తనంతట తనే దిగిందా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో బావి అనే మాటే ఎవరూ పలకలేదు.

"ఈ స్థలం తోటకి ఇస్తున్నారని తెలిసి రెండుసార్లు టౌన్‌షిప్ ఆఫీసు మెట్లదాకా వెళ్ళాను. ఆ మాట నోటికి రాలేదు. అరవై ఏళ్ళు అనకుండా ఉన్న మాట. మా అబ్బాయికి కూడా చెప్పలేదు. అందుకని వచ్చి కూర్చునేదాన్ని. కాపలాగా. నువ్వు అక్కడ కూర్చున్నప్పుడల్లా హారన్ కొట్టాలనుకునేదాన్ని. ఒక్కసారే కొట్టగలిగాను."

ఎందుకు ఆ రోజే కొట్టారని అడిగాను.

"ఆ రోజు నువ్వు తల వంచుకున్నావు. మా అమ్మ కూడా అలాగే కూర్చునేది, ఆ బావిగట్టు మీద."

అదంతా నేను తెలుగులో చెబుతుంటే అత్తగారు మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా విన్నారు. హారన్ మోగడం దాకా చెప్పాను. ఆ రోజు నేనన్న మాట మాత్రం అత్తగారికి చెప్పలేదు. చెప్పనక్కర్లేదని ఆవిడ ముఖం చూస్తే తెలిసింది. తర్వాత ఆవిడే వెళ్ళి ఆ ముసలావిడ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఒకరి భాష ఒకరికి రాదు.

ఈసారి ఆఫీసుకి ఆ ముసలావిడే వెళ్ళింది. మాతోపాటు, మా కారులో. కౌంటరు ముందు నిలబడి ఆ మాట పైకి అంది. ఒకసారి అన్నాక ఆపలేకపోయింది. "బావి, బావి" అని మూడు నాలుగుసార్లు అంది. బుధవారం మనుషులొచ్చారు.

పొడుగాటి ఇనప కడ్డీతో ఒకతను దూరం నుంచి పొడిచాడు. రెండో పోటుకే కడ్డీ సగం దిగిపోయింది. మూడో పోటుకి ఏదో విరిగిన చప్పుడైంది, నేల గుండ్రంగా నోరు తెరిచింది. పాతనీటి వాసన, చలి, రెండూ కలిసి మా ముఖాలకి కొట్టాయి. మట్టి, చెక్కలు, నా బకెట్, అన్నీ పోయాయి. చాలాసేపటికి కింద నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆ తర్వాత జరిగింది నేను ఇప్పటికీ మరిచిపోలేను. ఆ ఏడు కూడా సొరపాదు ఆ మూలకే పాకింది. కొస లోపలికి పడేసరికి ఆ బరువుకి తీగంతా కదిలింది. ఎవరో కింద నుంచి చేదుకుంటున్నట్టు, ఆకు వెంట ఆకు, పువ్వు వెంట పువ్వు, నెమ్మదిగా నేల మీద జరుగుతూ ఆ నోట్లోకి వెళ్ళిపోయింది. ఆఖరున మొదలు కూడా ఊడి, వేళ్ళతో సహా జారింది. కడ్డీ పట్టుకున్నతను ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. పక్క మడి ముసలాయన టోపీ తీశాడు.

తాడుకి బరువు కట్టి లోతు చూశారు. ముప్పై నాలుగడుగులన్నారు. ముసలావిడ ఇంకోసారి అడిగి చెప్పించుకుంది.

"అంతేనా?" అంది. "దానికి అడుగు లేదనుకున్నాను."

రెండు రోజులు లారీలతో రాళ్ళు, కంకర పోశారు. ఆ చప్పుడు ఇంకో రకంగా భయంగా ఉండేది. మొదట నీళ్ళలో పడే రాళ్ళు, తర్వాత రాళ్ళ మీద పడే రాళ్ళు. ఒక ఇంజనీరు మావారికి ఆ నిట్టూర్పు సంగతి వివరించాడు. వాన ముందు పైన గాలి ఒత్తిడి తగ్గితే బావిలో గాలి బయటికి వస్తుందట, చలికాలంలో ఆ వెచ్చదనానికే మంచు కరుగుతుందట. మావారు ఇంటికి వచ్చి అంతా బొమ్మ గీసి చూపించారు. నేను బొమ్మ చూశాను. ఆయన పెన్సిలు పక్కన పెట్టి, ఉన్నట్టుండి, "ఆ పిల్ల గురించి నేను కూడా మాట్లాడలేకపోయాను" అన్నారు. పాపేనని నాకు ఆ రోజే తెలిసింది. ఆస్పత్రివాళ్ళు ఆయనకి మాత్రమే చెప్పారట. రెండేళ్ళు దాచుకున్నారు.

అత్తగారు డిసెంబరులో వెళ్ళాలి. టికెట్ మార్పించుకుని మార్చిదాకా ఉండిపోయారు. చలి పడదని రోజూ గొణిగేవారు. కానీ చలికాలమంతా నన్ను కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చోనివ్వలేదు. కూర్చుంటే పక్కన ఇంకో కుర్చీ లాక్కునేవారు.

మరుసటి వేసవి ఇంకో వరసలో మడి తీసుకున్నాం. ఆకుపచ్చ కారు ఆదివారాలు రావడం మానేసింది. జూలైలో ఒక మంగళవారం పొద్దున వచ్చింది. ముసలావిడ దిగి, నేరుగా నా మడికి వచ్చి, బెండకాయలు చూసి ఇవేమిటంది. నాలుగు కోసి ఇచ్చాను. ఒకటి పచ్చిదే కొరికి, జిగురుకి ముఖం చిట్లించి నవ్వింది.

"మా అబ్బాయికి చెప్పాను" అంది. "మా అమ్మ సంగతి. మొత్తం."

"ఏమన్నారు?"

"నాకు తెలుసమ్మా, చిన్నప్పటి నుంచీ తెలుసు, అన్నాడు."

"ఎవరు చెప్పారట?"

ఆవిడ చేతిలో మిగిలిన బెండకాయని అటూ ఇటూ తిప్పింది. "ఎవరూ చెప్పలేదట, నేను చెప్పకుండా దాటేసినప్పుడల్లా తెలిసేదట. అదే అడిగాను, రెండుసార్లు."